డిశ్చార్జ్‌కి ముందు ఒక రక్తపు చుక్క

పదో తరగతి చదివే మీ అబ్బాయినో అమ్మాయినో అధివృక్క గ్రంథులు ఏం చేస్తాయని అడిగి చూడండి. "భయం వేస్తే అడ్రినలిన్ విడుదల చేస్తాయి" అంటారు. మార్కులకి ఆ జవాబు సరిపోతుంది. కానీ మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఈ చిన్న గ్రంథుల పైపొర చేసే పని వేరు. జ్వరాన్ని, దెబ్బని శరీరం తట్టుకోవడానికి కావలసిన కార్టిసాల్, ఒంట్లో ఉప్పు నిలవడానికి కావలసిన ఆల్డోస్టిరాన్ అక్కడే తయారవుతాయి.

ఇవి తయారవ్వాలంటే 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. కొందరు పిల్లల్లో అది పుట్టుకతోనే లోపిస్తుంది. డాక్టర్లు దీన్ని సీఏహెచ్ అంటారు. ఆడపిల్లకి తీవ్రంగా ఉంటే జననాంగాల్లో తేడా కనిపించి, పుట్టిన రోజే డాక్టరుకి అనుమానం వస్తుంది. మగబిడ్డ మాత్రం చూడ్డానికి మామూలుగానే ఉంటాడు. అసలు చిక్కు ఇక్కడే. ఇంటికి వచ్చాక, చాలావరకు రెండో వారంలో, పాలు తాగడు, వాంతులు చేసుకుంటాడు, బరువు తగ్గి మగతగా పడి ఉంటాడు. మనం పాలు పడలేదనో దిష్టి తగిలిందనో అనుకుంటాం. ఈలోగా రక్తంలో సోడియం పడిపోయి, పొటాషియం పెరిగి, ప్రాణం మీదికి వస్తుంది.

పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య బిడ్డ మడమ మీద చిన్నగా గుచ్చి, ఫిల్టర్ కాగితం మీద రక్తపు చుక్కలు తీస్తే ఈ లోపాన్ని ముందే పట్టుకోవచ్చు. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ ఎంత ఉందో ల్యాబ్‌లో చూస్తారు. నెలలు నిండకుండా పుట్టినవారిలో, మొదటి రోజే రక్తం తీసినప్పుడు జబ్బు లేకున్నా అంకె ఎక్కువ రావచ్చు. అందుకే ఒక్క రిపోర్టుతో బెంబేలు పడకండి, రెండో పరీక్ష మాత్రం వాయిదా వేయకండి.

ఇదంతా ఎక్కడో విదేశాల సంగతి కాదు. హైదరాబాద్‌తో కలిపి ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించిన ఐసీఎంఆర్ అధ్యయనం 2018లో అచ్చయింది. అందులో 5,762 మందికి ఒకరిలో ఈ లోపం కనిపించింది. అంతకుముందు హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మందిని చూసినప్పుడు సుమారు 2,600 మందికి ఒకరు తేలారు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కో లోపపు జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ 25 శాతం ప్రమాదం ఉంటుంది. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికం చేసుకున్నవారిని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. వాళ్లు ఈ పరీక్షను అసలు వదులుకోకూడదని చెప్పడానికే.

కేరళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువులకి సీఏహెచ్ పరీక్ష కార్యక్రమం ఉంది. మన దగ్గర మీరే అడగాలి. గాజువాకలో ప్రసవమైనా, పురిటికి శ్రీకాకుళం పుట్టింటికి వెళ్లినా, డిశ్చార్జ్‌కి ముందు "మడమ రక్తం తీశారా? అందులో సీఏహెచ్ ఉందా? రిపోర్టు ఏ రోజు వస్తుంది?" అని అడగండి. బాలింత ఎక్కడ ఉంటుందో అక్కడి ఫోన్ నంబరే ఇవ్వండి. రిపోర్టు వైజాగ్ ఫోనుకి, బిడ్డ పల్లెకి వెళితే పరీక్ష చేయించినా ఫలితం ఉండదు.

మా ఇంట్లో చంటిబిడ్డ లేడు కదా అంటారేమో. లోపం తక్కువ స్థాయిలో ఉన్న మగపిల్లలు నాలుగైదేళ్లకే తోటివారికంటే పొడవు పెరుగుతారు. ఆ వయసులోనే చంకల్లో పెద్దవాళ్ల చెమట వాసన, మొటిమలు, జననాంగాల దగ్గర వెంట్రుకలు కనిపించవచ్చు. యూకేజీ గ్రూప్ ఫోటోలో మావాడే అందరికంటే హైట్ అని మురిసిపోతాం. కానీ ఎముకలు తొందరగా ముదిరి, ఎదుగుదల ముందే ఆగిపోతుంది. ఆ లక్షణాలు ఉంటే పిల్లల హార్మోన్ల డాక్టరుకి చూపించండి.

ఇప్పటికే హైడ్రోకార్టిసోన్ వాడుతున్న బిడ్డ మా స్కూల్లో ఉంటే క్లాస్ టీచరుకి తప్పక చెప్పండి. రోజూ మాత్ర వేసుకునే పిల్లలు అందరిలాగే చదువుతారు, ఆడతారు. జ్వరం వస్తే మోతాదు ఎంత పెంచాలో డాక్టరుతో రాయించి, ఆ కాగితం జిరాక్స్ ఆఫీసులో ఇవ్వండి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ కావాలి. అప్పుడు మీరు వచ్చేదాకా ఆగకుండా ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో కూడా అందులోనే రాయండి.