మంచి సేఠ్ పోయాక మనం చెయ్యాల్సిన పనులు

మంచి యజమాని పోయాడంటే మనకి సొంత మనిషి పోయినంత దిగులు, కదమ్మా? చుట్టమూ కాదు, పక్కమూ కాదు. మహా అయితే పండక్కి చీర కొన్నప్పుడు గల్లా దగ్గర నవ్వుతూ పలకరించి, చిల్లర కింద పిల్లాడి చేతిలో ఓ చాక్లెట్ పెట్టి ఉంటాడు. అయినా మన అండమాన్ అబర్డీన్ బజార్లో ఆ షట్టర్ దించి కనిపిస్తే, క్లాక్ టవర్ దాటి వెళ్ళాల్సిన కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. మూటలు సర్దే, చెవులు వినబడని ఆ మూగ కుర్రాడి గతేమిటి? పోలియో కాలుతో మిషను కుట్టే ఆవిడని వెనకొచ్చేవాళ్ళు ఉంచుతారా? ఏడుస్తున్నది ఆయన కోసమే అనుకుంటాం గానీ, సగం దిగులు ఆయన నీడన బతికినవాళ్ళ గురించే.

దిగులు పడితే పడ్డావు, తప్పేం లేదు. ఫ్లెక్సీ కట్టిస్తానంటే కట్టించు, దానికీ నేను అడ్డు రాను. మన వానకి అది ఎన్నాళ్ళుంటుందో నీకూ తెలుసు. తర్వాత చెయ్యాల్సిన పనులు మాత్రం కొన్ని ఉన్నాయి. అవి చెప్పేముందు ఒకాయన గురించి చెప్పాలి నీకు.

విజయ్ మర్చంట్ పేరు విన్నావా? మీ ఆయన్ని అడుగు, క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళు ఠక్కున చెప్తారు. పదహారేళ్ళలోపు మగపిల్లలకి బీసీసీఐ పెట్టే పోటీ ఆయన పేరు మీదే. ఫస్ట్‌క్లాస్ క్రికెట్లో ఆయన సగటు 71.64. చాలా మ్యాచ్‌లు ఆడినవాళ్ళలో బ్రాడ్‌మన్ తర్వాత ఈయనే. మొదటి టెస్టు 1933లో ఆడారు, అదీ ఎవరి కెప్టెన్సీలో? బందరు మూలాలున్న మన సి.కె. నాయుడు గారి కెప్టెన్సీలో. 

1936లో ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు కెప్టెన్ మారాడు. విజయనగరం రాచకుటుంబం మనిషి, విజ్జీ. మర్చంట్‌ని రనౌట్ చేసెయ్యమని ఆయన ముస్తాక్ అలీ చెవిలో ఊదాడని, ముస్తాక్ తిన్నగా వెళ్ళి ఆ సంగతి మర్చంట్‌కే చెప్పేశాడని, ఇద్దరూ నవ్వుకున్నారని క్రికెట్ వాళ్ళు ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. మాంచెస్టర్‌లో ఆ జోడీ తొలి వికెట్టుకి 203 పరుగులు కొట్టింది. మర్చంట్‌వి 114, ముస్తాక్‌వి 112. మన దీవుల్లో చాలా తెలుగిళ్ళ మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపే కదా, ఈ కథ విన్నప్పుడల్లా మనవాడి తరఫున నాకే కాస్త తలవంపుగా ఉంటుంది. సరే, అది వదిలెయ్.

నేను చెప్పాలనుకున్నది ఆట గురించి కాదమ్మా. మర్చంట్ గారు బొంబాయి ఠాకర్సీ మిల్లుల కుటుంబం వారు. హిందుస్తాన్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వాళ్ళదే. బ్యాటు పక్కన పెట్టాక మిల్లు వ్యవహారాలు చూసుకుంటూ వికలాంగులకి పని ఇచ్చారు. తను ఇచ్చి ఊరుకోలేదు, తోటి యజమానుల్నీ ఇమ్మని అడిగారు. చూపు లేనివాళ్ళ కోసం పనిచేసే నేషనల్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ పనుల్లో ముందు నిలబడ్డారు. ఆదివారం వివిధభారతిలో క్రికెట్ కబుర్లు చెప్పే ఆ గొంతుని దేశమంతా ఇష్టంగా వినేది, ఆ పేరుకున్న పలుకుబడిని ఇలాంటి పనికి వాడారు. 1987 అక్టోబరు 27న పోయారు, 76 ఏళ్ళకి.

ఇప్పుడు ఇంకో తేదీ చెప్తా. వికలాంగుల హక్కుల కోసం మన దేశంలో సమగ్రమైన చట్టం వచ్చింది 1995లో. అంటే ఆయన పోయిన ఎనిమిదేళ్ళకి! ఆయన బతికున్నన్నాళ్ళూ అడిగే అధికారి లేడు, చెయ్యకపోతే తప్పనే రూలూ లేదు. బుద్ధి పుట్టి చేశారు, అంతే. తలుచుకుంటే నాకు చాలా గౌరవం. కాస్త భయం కూడా! ఎందుకంటావా? యజమాని మంచితనం మీదే ఆధారపడిన ఉద్యోగం ఆయనతోపాటే పాడె ఎక్కుతుంది. కొడుకుకి ఆ మనసు లేకపోతే? కొట్టు చేతులు మారితే? మన బజార్లో ఇప్పుడు నిన్ను పీకుతున్న బెంగ అదే కదూ.

అందుకని దినాలు కానిచ్చి, పెద్దకర్మ అయిన వారానికి, సేఠ్ గారి ఇంటికి ఓసారి వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళకు, ఆ కొట్లో ఖాతా ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. దేబిరించక్కర్లేదు, దబాయించక్కర్లేదు. "మీ నాన్నగారి కొట్టంటే మాకు ఆ కుర్రాడే గుర్తు, అతను సర్దితే ఒక్క బట్టా తారుమారు కాదు" అని ఉన్నమాట చెప్పండి. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న కొడుక్కి, నాన్న చేసిన పని జనం చూశారని తెలిస్తే ఎంత ఊరటో తెలుసా? చాలామంది పిల్లలు కావాలని మాన్పించరమ్మా. వాళ్ళకి ఆ కుర్రాడితో ఎలా మాట్లాడాలో తెలీదు, అంతే. ఎదురుగా నిలబడి, మొహం కనబడేలా, మామూలుగా మాట్లాడమను. గల్లా పక్కన ఓ నోటుపుస్తకం, పెన్ను పెట్టమను. అరిచి చెప్తే వినబడుతుందనుకునేవాళ్ళు మన బజార్లో కోకొల్లలు.

ఇంకో మాట. జీతం చేతికిస్తున్నారా, బ్యాంకులో వేస్తున్నారా కనుక్కో. చేతికైతే బ్యాంకుకి మార్పించు. పనిలో ఎప్పుడు చేరాడు, జీతమెంత, ఏం పని, ఇవన్నీ కొట్టు లెటర్‌హెడ్ మీద రాయించి పెట్టించు. పాత సేఠ్ నోటిమాటే పత్రం, నిజమే. కొత్తవాళ్ళకి కాగితం కావాలి.

అసలు కాగితం ఇంకొకటుంది, యూడీఐడీ కార్డు, అంటే వికలాంగులకి సర్కారు ఇచ్చే గుర్తింపు కార్డు. ఇది లేనివాళ్ళు మన చుట్టుపక్కల ఎంతమందో! జంగ్లీఘాట్ వెళ్ళి చూడు, వేట పనిలో చెయ్యి పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ళకి తాము ఆ లెక్కలోకి వస్తామనే తెలీదు. వికలాంగుల హక్కుల మీద 2016లో వచ్చిన చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. కుష్ఠు నయమైనవాళ్ళు, తలసీమియా పిల్లలు, యాసిడ్ దాడికి గురైనవాళ్ళు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. నలభై శాతం, ఆపైన ఉందని డాక్టర్లు రాసిస్తే రిజర్వేషన్లూ పథకాలూ చాలావాటికి దారి దొరుకుతుంది. స్వావలంబన్ పోర్టల్లో అప్లై చెయ్యాలి, ఫీజేం లేదు. తర్వాత ఆసుపత్రిలో పరీక్ష. మనకి పెద్దాసుపత్రి జి.బి. పంతే కాబట్టి అక్కడే కనుక్కో. కార్డు దేశమంతా చెల్లుతుంది, ఓడెక్కి వైజాగ్ వెళ్ళినా అక్కడ మళ్ళీ మొదటినుంచీ రుజువు చేసుకోనక్కర్లేదు.

సరే, ఇవి ఆ కొట్టు సంగతులు. మరి మన కొట్టో?

అదేంటక్కా మన మీదికి తిప్పావు అంటావా? తిప్పుతాను. సేఠ్ ఎంత మంచివాడో అని ముక్కు చీదే మనలో ఎందరం మన దుకాణంలో, మన టైలరింగ్ షాపులో, మన టిఫిన్ సెంటర్లో ఒక్కరికి పని ఇచ్చాం? నాకు తెలుసు నీ మనసులో మాట. గిరాకీ వేళ వాళ్ళు నెమ్మదిగా చేస్తే? కస్టమర్లు విసుక్కుంటే? తప్పు చేస్తే ఎలా తిట్టను, పాపం తగలదూ?

ఆ చివరి భయం ఉంది చూడు, అదే మనల్ని ఎక్కువ ఆపేది. దయగల మనిషంటే మెత్తగా ఉండాలనుకుంటాం. మర్చంట్ గారు అలా లేరమ్మా. 1971లో సెలక్షన్ కమిటీ ఛైర్మన్‌గా తన కాస్టింగ్ ఓటు వేసి, నవాబు పటౌడీ లాంటివాణ్ణి కెప్టెన్సీ నుంచి తప్పించి అజిత్ వాడేకర్‌కి ఇచ్చిన మనిషాయన. దేశమంతా గోల! ఆ ఏడే మనవాళ్ళు వెస్టిండీస్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ సిరీస్ గెలిచొచ్చారు. మొహమాటపడే మనిషైతే అంత పని చెయ్యగలడా? అందుకే చెప్తున్నా, పనిలో పెట్టుకున్నావంటే పని అడుగు. కుట్టు వంకరైతే విప్పి మళ్ళీ కుట్టమను. ఆలస్యంగా వస్తే ఎందుకని అడుగు. బస్సు మెట్టు ఎక్కడం కష్టమై ఆలస్యమైతే వేళ ఓ అరగంట మార్చు, ఊరికే బద్ధకమైతే చివాట్లు పెట్టు. జీతం మాత్రం పక్కవాడికి ఎంతో అంతే. "ఏదో నీడ పట్టున కూర్చోనిస్తున్నాంగా" అని సగం జీతం ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి దయ వీధిలో కుక్కకి కూడా వద్దు.

కొట్టు సర్దుబాట్లకి లక్షలు అక్కర్లేదు. మన బజారు అసలే ఎగుడుదిగుడు, గుమ్మం ముందు మెట్టు లేని కొట్టే లేదు. టేపు పట్టుకెళ్ళి మెట్టు ఎత్తు కొలువు. అంగుళం ఎత్తుకి పన్నెండంగుళాల పొడవు, ఇదీ ర్యాంపు లెక్క. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల వాలు పడుతుంది. అంత చోటు రోడ్డు మీద లేదంటావు, నిజమే. వెల్డింగ్ షాపులో చెప్తే తీసి పెట్టుకునే ఇనప రేకు ర్యాంపు చేసిస్తాడు, గీతలున్న రేకు చెయ్యమను. నున్నటి టైల్స్ జోలికి వెళ్ళకు, మే నెలలో వాన మొదలైతే ఏడాది చివరిదాకా ఇక్కడ మామూలు కాళ్ళే జారతాయి.

చూపు లేని మనిషిని గల్లాలో కూర్చోబెట్టొచ్చా అంటే, ఎందుకు కూర్చోబెట్టకూడదు? క్యూఆర్ కోడ్ పక్కన ఎంత పడిందో గట్టిగా చెప్పే ఆ డబ్బా ఉంది చూడు, అది మనకి ముచ్చట గానీ వాళ్ళకి కళ్ళే. నోటు విలువ చదివి చెప్పడానికి రిజర్వు బ్యాంకు వాళ్ళు 2020లో మణి అని ఓ యాప్ తెచ్చారు, డబ్బు పెట్టక్కర్లేదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మన దీవిలో నెట్ సంగతి వేరే చెప్పాలా!

చివరికి మిగిలింది ఇంటి సంగతి. ఇది నువ్వు అడగలేదు, నీ కళ్ళు అడుగుతున్నాయి. మన పిల్లకే అలా ఉంటే? సేఠ్ లాంటివాడు పిలిచి పని ఇస్తానన్నా పంపడానికి మనకి ధైర్యం చాలదు. దారిలో ఎవరేమంటారో, ఎవరు వెక్కిరిస్తారో. మనం పోయాక దాని గతేమిటని రాత్రిళ్ళు పైకప్పు చూస్తూ పడుకుంటాం. ఈ భయం తల్లులందరిదీనమ్మా, నువ్వు ఒంటరివి కావు.

ముందు తోడు వెళ్దాం. మొదట్లో కొట్టుదాకా, తర్వాత మోహన్‌పురా బస్టాండు దాకా, ఆ తర్వాత వీధి చివరిదాకా. ఎదురయ్యేవాళ్ళు "అయ్యో పాపం" అంటే నువ్వు బిక్కమొహం పెట్టకు, "మా అమ్మాయి డ్యూటీకి వెళ్తోందండీ" అను. చూద్దాం ఏమంటారో. మొదటి జీతం దాని చేత్తోనే ఖర్చు పెట్టించు. గాజులు కొనుక్కుంటానంటే వద్దనకు, సబ్బులూ పప్పులూ తెప్పించకు ఆ డబ్బుతో.

పిల్లకి ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో, బుద్ధిమాంద్యమో అయితే ఇంకో రెండు పనులున్నాయి. నిరామయ అని ఆరోగ్య బీమా ఉంది, 1999 చట్టంతో వచ్చిన నేషనల్ ట్రస్టు వాళ్ళది, ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యానికి వస్తుంది. పద్దెనిమిది నిండాక చట్టప్రకారం గార్డియన్ ఎవరన్నది రాయించడానికి కూడా అదే చట్టంలో దారి ఉంది. "తమ్ముడు చూసుకుంటాడులే" అంటావు. చూసుకుంటాడు, బంగారం లాంటి పిల్లాడు. వాడి పేరే కాగితం మీద ఎక్కిద్దాం, రేపు వచ్చే మరదలికీ తెలిసి ఉంటుంది.

ఇక లే, పొద్దుపోతోంది. సోమవారం ఆ కార్డు పని మీద ఆసుపత్రికి నేనూ వస్తాను. పిల్ల ఆధారు, రెండు ఫొటోలు, పాత మందు చీటీలు అన్నీ ఒకే కవర్లో పెట్టు, జిరాక్సులు నాలుగు ఎక్కువే తీయించు. వచ్చేటప్పుడు ఆ మిషను కుట్టే ఆవిణ్ణి కూడా పిలుచుకు రా, ఆవిడకీ కార్డు లేదని నా అనుమానం. ఆటో డబ్బులు నేనిస్తాలే.