ఎవరు చేస్తారు, ఎవరి కోసం చేస్తారు: తెలంగాణ గిరిజన కళలు, హస్తకళలు

గ్రూప్స్ అభ్యర్థుల నోట్సు పుస్తకాల్లో గిరిజన కళల పేజీ చాలావరకు ఒకేలా ఉంటుంది. ఎడమవైపు కళ పేరు, కుడివైపు తెగ పేరు, మధ్యలో అడ్డగీత. ఇలా బట్టీ పడితే నేరుగా అడిగిన ప్రశ్నకు జవాబు పెట్టగలరు గానీ, జతపరచమన్నా, సరైన వాక్యాలు గుర్తించమన్నా తడబడతారు. ఎందుకంటే ఆదిలాబాద్ కొండల్లో ఒక తెగ పండుగకు కావలసిన వస్తువును మరో కులం పోత పోస్తుంది, ఆ తెగ పురాణాన్ని ఇంకో తెగ పాడుతుంది. వస్తువు ఎవరు చేస్తారో, ఎవరి కోసం చేస్తారో కలిపి చదివితేనే ఈ అంశం తలకెక్కుతుంది.

ముందుగా నేపథ్యం. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో షెడ్యూల్డ్ తెగల వారు దాదాపు 31.78 లక్షలు. ఇందులో లంబాడాలే 20 లక్షలకు పైగా ఉన్నారు. కోయలు, గోండులు సంఖ్యలో ఆ తర్వాతి వారు. చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి తెగలు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నాయి. ఈ నాలుగు పేర్లు ఏ పరీక్షకైనా అవసరమే.

ఓజాల పోత పని: ఆదిలాబాద్ డోక్రా

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఉషేగాం, కేస్లాగూడ ఈ కళకు పేరున్న ఊళ్లు. చేసేవారు ఓజాలు, వోజ్‌లని కూడా అంటారు. రాజ్‌గోండుల పూజల్లో కావలసిన దేవతా రూపాలు, గంటలు, గజ్జెలు, దీపాలు పోత పోసివ్వడం వీరి తరతరాల వృత్తి. కొనుగోలుదారు ఎక్కడో పట్నంలో కాదు, పక్క గూడెంలోనే ఉండేవాడు.

పద్ధతిని వరుసగా తెలుసుకోవాలి, ఎందుకంటే ప్రశ్నలు తరచుగా ఇక్కడినుంచే వస్తాయి. ముందు మట్టితో రూపం తాలూకు లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం వంటి జిగురు కలిపి సన్నని దారాల్లా తీస్తారు. ఆ మైనపు దారాలను మట్టి ముద్ద మీద పక్కపక్కనే చుట్టి, కళ్లు, ముక్కు, నగలు, ముగ్గులు అన్నీ మైనంతోనే దిద్దుతారు. దానిమీద ముందు మెత్తని మట్టి, తర్వాత గరుకు మట్టి పూసి, ఒక రంధ్రం వదులుతారు. కాల్చినప్పుడు మైనం కరిగిపోయి లోపల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టి బొమ్మను బయటికి తీసి, ఆకురాయితో నునుపు చేస్తారు.

మైనం పోతుంది, మట్టి పగిలిపోతుంది. అంటే ఒక అచ్చుకు ఒకే బొమ్మ. డోక్రాలో ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండకపోవడానికి కారణం ఇదే తప్ప, పనివాడి లోపం కాదు. బొమ్మ ఒంటిమీద కనిపించే గీతలు చెక్కినవి కావు, మైనపు దారాల ఆనవాళ్లు. మొహెంజొదారో నాట్యగత్తె కంచు బొమ్మ కూడా మైనాన్ని కరిగించి తీసేసే పద్ధతిలో పోసిందే. పద్ధతి ఒకటే అయినా లోహం వేరు: అది కంచు, ఇది ఇత్తడి. కంచు రాగి, తగరాల మిశ్రమం. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం.

ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. వరంగల్ డరీలకూ అదే ఏడాది దక్కింది. ఈ పోత పద్ధతి ఒక్క ఆదిలాబాద్ సొత్తు కాదు. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ డోక్రాకు వేరే జీఐ ఉంది, అక్కడ చేసేవారు ఘడ్వాలు. ఒడిశా, పశ్చిమ బెంగాల్‌లోనూ ఈ పని ఉంది.

జీఐ గురించి రెండు ముక్కలు: చట్టం చేసింది 1999లో, అమల్లోకి వచ్చింది 2003 సెప్టెంబర్ 15న. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. గుర్తింపు పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరించుకోవాలి. ఈ హక్కు ఒక్క మనిషిది కాదు, ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరిదీ. అయితే జీఐ పేరును కాపాడుతుంది, గిరాకీని తెచ్చిపెట్టదు. ఈ తేడా మెయిన్స్ జవాబులో చాలామంది వదిలేస్తారు.

దండారి, గుస్సాడీ

దీపావళి రోజుల్లో గోండు గూడేల దండారి బృందాలు ఒక ఊరినుంచి మరో ఊరికి అతిథులుగా వెళ్తాయి. వీటిలో గుస్సాడీ వేషధారులు ప్రధానం. నెమలి ఈకల పెద్ద తలపాగా, ఒంటినిండా బూడిద, భుజాన మేక తోలు, చేతిలో కర్ర. దీక్షలో ఉన్నన్నాళ్లు వారు స్నానం చేయరు. వారిలో ఏత్మాసుర్ దేవుడు ఉంటాడని నమ్మకం కాబట్టి పెద్దవారు కూడా వారికి మొక్కుతారు. గుమేల, పెప్రె, డప్పు వాయిద్యాలు. చివర కోలబోడి క్రతువుతో దండారి ముగుస్తుంది.

దీన్ని నృత్యం గడిలో మాత్రమే వేయకండి. తలపాగా కట్టడం దానంతట అదే ఒక హస్తకళ. నెమలి ఈకలను ఒక్కొక్కటిగా కూర్చి కట్టే నేర్పు అందరికీ రాదు. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ దక్కింది. ఆయన 2024లో కన్నుమూశారు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మకాం వేసి గోండులను అధ్యయనం చేసిందీ ఈ మార్లవాయిలోనే. ఒక్క ఊరు పేరు మీద రెండు ప్రశ్నలు తయారవుతాయి.

పురాణం గోండులది, గొంతు ప్రధానులది

గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల శాఖలుగా ఉంటారు. ఒక్కో శాఖకూ తన పుట్టుక కథ ఉంది. ఆ కథలను పాడే బాధ్యత గోండులది కాదు. ప్రధానులది, కొన్నిచోట్ల తోటీలది. కమానుతో వాయించే మూడు తీగల కిక్రి వారి వాయిద్యం. ఆదిలాబాద్ ప్రధానుల ఇంటి భాష ఎక్కువగా మరాఠీ, అయినా పురాణం పాడేది గోండిలో. ఇతరుల వంశ చరిత్రను ఇతరుల భాషలో తరాల తరబడి మోసిన ఈ సమూహానికి మన పాఠ్యపుస్తకాలు ఇచ్చేది ఒక్క వాక్యం. అది చాలదని నా అభిప్రాయం. తోటి స్త్రీలు పచ్చబొట్లు పొడవడంలో పేరున్నవారు.

కొలాములది మరో పాత్ర. వెదురు బుట్టలు, తడికలు అల్లడం వీరి ప్రసిద్ధ పని. కొన్ని స్థానిక దేవతల కొలువులో గోండులకు పూజారులు కూడా వీరే.

ఈ పరస్పర ఆధారం కేస్లాపూర్ నాగోబా జాతరలో స్పష్టంగా కనిపిస్తుంది. పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు చేసే పూజ ఇది. దానికి కావలసిన కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర తెచ్చుకుంటారు, జలం గోదావరి నుంచి కాలినడకన మోసుకొస్తారు.

కోయ పడిగెలు

గోదావరి వెంట దిగువకు వస్తే కోయల నేల. కొమ్ము నృత్యంలో పురుషులు తలకు అడవిదున్న కొమ్ములు ధరించి పెద్ద డోళ్లు వాయిస్తూ ఆడతారు. దీని గురించి అందరికీ తెలుసు. పడిగెల గురించి తెలిసినవారు తక్కువ.

పడిగె అంటే కోణాకారపు గుడ్డ జెండా. ఒక గోత్రం ఇలవేల్పు కథ, మూలపురుషులు, యుద్ధాలు, జంతువులు దానిమీద బొమ్మలుగా ఉంటాయి. గుడ్డ ముక్కలను కత్తిరించి అతికి కుట్టిన బొమ్మలూ ఉంటాయి. జాతరలో దాన్ని విప్పి, డోలి కోయలు డోలు వాయిస్తూ బొమ్మ బొమ్మకూ కథ పాడతారు. రాతలేని సమాజానికి ఇది వంశ దస్తావేజు. పడిగె ఒక్కటే దొరికి, పాడేవాడు లేకపోతే ఆ బొమ్మలను చదవడం దాదాపు అసాధ్యం. మ్యూజియంలో పెట్టినంత మాత్రాన ఈ కళ బతికినట్టు కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

సమ్మక్క సారలమ్మల కథను ఇలా పాడిన సకిని రామచంద్రయ్య భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కూనవరం గ్రామస్థుడు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో మరణించారు. అదే 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు. ఆయన డక్కలి సమాజానికి చెందినవారు, గిరిజనుడు కాదు. ఈ ఇద్దరినీ ఒకే ప్రశ్నలో ఇరికించడం ప్రశ్నపత్రం తయారుచేసేవారికి సులువు.

ఆ సమ్మక్క సారలమ్మల జాతర జరిగే మేడారంలో గద్దెల మీద విగ్రహాలు ఉండవు. కుంకుమ భరిణె, వెదురు కర్రలే దేవతా రూపాలు. విగ్రహం లేని కొలువులో గుడ్డకూ వెదురుకూ ఇంత ప్రాధాన్యం రావడం సహజమే.

నాయకపోడుల ముఖాలు, లంబాడాల కుట్టుపని

నాయకపోడులు లక్ష్మీదేవర కొలువులో కొయ్య ముఖాలు ధరిస్తారు. లక్ష్మీదేవరది గుర్రపు ముఖం. పాండవులు, పోతరాజు ముఖాలూ ఉంటాయి. భారత కథ గిరిజన కొలువులోకి ఎలా చేరిందో చెప్పడానికి ఈ ముఖాలే చాలు.

లంబాడాల సంగతి వేరు. పై తెగలన్నీ ఒక నేలను పట్టుకుని ఉన్నవి. లంబాడాలు ఎద్దుల బిడారులతో ఉప్పు, ధాన్యం మోస్తూ దేశం తిరిగినవారు. వారి కళ ఒంటిమీదే ప్రయాణించింది. ఫేటియా (పావడ), కాంచళి (రవిక), తలమీది ముసుగు, వీటిమీద అద్దాలు, గవ్వలు, నాణేలు, రంగు దారాల కుట్టు. ఈ రకం కుట్టుపనికి జీఐ ఉన్నది కర్ణాటకలోని సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీ పేర. తెలంగాణ జాబితాలో దీన్ని కలిపేయకండి.

కలిపేసి చదవకూడనివి

పెంబర్తి లోహపు పనీ డోక్రా ఒకటి కావు. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును కొట్టి బొమ్మ తేలుస్తారు. అది విశ్వకర్మల పని, పోత కాదు. నిర్మల్ కొయ్యబొమ్మలు, చేర్యాల పటచిత్రాలు నకాషీలవి. నిర్మల్ ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో ఉండడంతో చాలామంది దాన్ని గిరిజన కళగా గుర్తిస్తారు, మార్కు పోతుంది.

చుక్కలు, గీతలతో నింపిన గోండు చిత్రాలు మధ్యప్రదేశ్‌వి. పాటన్‌గఢ్‌కు చెందిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 1980లలో భోపాల్ భారత్ భవన్ ద్వారా వీటికి కొత్త దారి వేశారు. ఆయన పర్ధాన్, అంటే ఆదిలాబాద్ ప్రధానుల మాదిరే గోండుల కథకుల సమాజం. పాటను రంగుల్లోకి మార్చింది అక్కడివారు. ఇక్కడివారి చేతిలో ఇంకా కిక్రి ఉంది.

మెయిన్స్‌లో రాసేటప్పుడు

సమస్యలు అనగానే దళారులు, ముడిసరుకు ధరలు, యువత ఆసక్తి లేకపోవడం అని రాసి ఊరుకుంటారు. అవి నిజమే. కానీ అసలు మార్పు కొనేవాడిలో వచ్చింది. దేవుడి గంట పోసిన ఓజా ఇప్పుడు షోకేసులోకి గుస్సాడీ బొమ్మ పోస్తున్నాడు. 1987లో ఏర్పడిన ట్రైఫెడ్ తన ట్రైబ్స్ ఇండియా దుకాణాల ద్వారా, రాష్ట్ర హస్తకళల సంస్థ గోల్కొండ షోరూముల ద్వారా అమ్మకానికి దారి చూపుతున్నాయి. వస్తువుకు దుకాణం దొరుకుతుంది. పడిగె కథకు, కిక్రి పాటకు దుకాణం లేదు. అందుకే జవాబులో వస్తు రూప కళలకు మార్కెట్‌ను, మౌఖిక కళలకు గురుశిష్య శిక్షణను, రికార్డింగును, పింఛన్లను విడివిడిగా సూచించండి. రెండింటికీ ఒకే పథకం రాసిన జవాబుకు సగం మార్కులే వస్తాయి.