దూరదేశం వెళ్లిన మనవారి ఆరోగ్యం



కువైట్, మస్కట్, దుబాయ్ వంటి చోట్ల పనిచేసేవారు ఒక్కరైనా లేని బంధువర్గం మన గోదావరి జిల్లాలలో అరుదు. ఉద్యోగాల మీద అమెరికా వెళ్లి స్థిరపడిన పిల్లలూ ఉన్నారు. ఇది కొత్త సంగతి కాదు. పూర్వం మనవారు కోరంగి, కాకినాడ రేవులలో ఓడలెక్కి రంగూనుకు, మారిషస్‌కు వెళ్లారు. కోరంగి నుండి వచ్చినవారు కనుక అక్కడివారు వారిని 'కొరింగీలు' అనేవారు. దేశం మారినప్పుడు ఆరోగ్యం ఎలా మారుతుందో, దాన్ని ఎలా కాపాడుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

వెళ్లేటప్పుడు ఆరోగ్యవంతులే

గల్ఫ్ వెళ్లాలంటే ముందు మెడికల్ పరీక్ష నెగ్గాలి. అందులో క్షయ, హెపటైటిస్, హెచ్.ఐ.వి. వంటి అంటువ్యాధులను ముఖ్యంగా చూస్తారు. కాబట్టి వెళ్లేవారు చాలావరకు గట్టి మనుషులే. కానీ ఆ సర్టిఫికెట్ ఆనాటి సంగతి మాత్రమే చెబుతుంది. బిపి, షుగరు ఆ తరువాత ఏళ్లలో చప్పుడు లేకుండా వస్తాయి.

మార్పు ఎందుకు వస్తుంది?

ఇక్కడ పొలం గట్ల మీద నడిచినవారు అక్కడ కారులోనో, కుర్చీలోనో గడుపుతారు. వంటకు తీరిక లేక కుబ్బూస్, వేపుళ్లు, కూల్‌డ్రింకులతో కడుపు నింపుకుంటారు. ఎండలో పనిచేసేవారు తగినంత నీరు తాగకపోతే వడదెబ్బ తగలవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఇళ్లలో పనిచేసే స్త్రీలకు ఎండ తగలక విటమిన్ డి తగ్గుతుంది. వీటికి తోడు అప్పుల దిగులు, ఒంటరితనం, నిద్రలేమి.

మన శరీరతత్వం కూడా గమనించాలి. మనకు కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. తక్కువ బరువులోనే షుగరు వస్తుంది. 5 అడుగుల 5 అంగుళాల ఎత్తున్న మనిషి 63 కిలోలు దాటితేనే మనవారికి అధిక బరువు కింద లెక్క. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకూడదు.

రెండు ద్వీపదేశాల అనుభవం

1987లో మారిషస్‌లో సర్వే చేసినప్పుడు షుగరు వ్యాధి భారత సంతతివారిలోనే కాక, క్రియోల్, చైనా సంతతివారిలో కూడా ఎక్కువగా కనిపించింది. అంటే దోషం రక్తానిది మాత్రమే కాదు, మారిన జీవితానిది కూడా. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం రేషన్ నూనెలో పామాయిల్ బదులు సోయా నూనె ఇవ్వడం మొదలుపెట్టింది. వ్యాయామం, పొగాకు మానడం గురించి ప్రచారం చేసింది. 5 ఏళ్లలో ప్రజల సగటు కొలెస్ట్రాలు బాగా తగ్గింది. షుగరు వ్యాధి మాత్రం అంత సులభంగా తగ్గలేదు.

జపాన్ వారి సంగతి మరొకటి. జపాన్‌లో ఉన్నవారికంటే హవాయి వెళ్లినవారిలో, వారికంటే కాలిఫోర్నియా వెళ్లినవారిలో గుండెజబ్బు ఎక్కువని 1960లలో మొదలైన పరిశోధనలో తేలింది. అయితే కాలిఫోర్నియాలో ఉంటూనే తమవారితో కలిసిమెలిసి, తమ పద్ధతులు విడవకుండా బ్రతికినవారిలో అది జపాన్‌లో ఉన్నంత తక్కువగానే కనిపించిందని 1976లో ప్రకటించారు. ఆహారం, పొగత్రాగడం వంటి తేడాలు లెక్కలోకి తీసుకున్నా ఈ వ్యత్యాసం పోలేదు. నలుగురితో కలిసి ఉండడం కూడా ఆరోగ్యానికి అండ అని దీనివల్ల తెలుస్తున్నది.

మనం చేయవలసినవి

వెళ్లేముందు: 30 ఏళ్లు దాటినవారు బిపి, షుగరు, కొలెస్ట్రాలు చూపించుకోండి. మందులు వాడుతుంటే చీటీని వెంట తీసుకువెళ్లండి. మన దగ్గర దొరికే కొన్ని మందులకు గల్ఫ్ దేశాలలో నిషేధం ఉంది. కనుక ముందే విచారించుకోండి.

అక్కడ ఉన్నప్పుడు: రోజుకు అరగంట నడవండి. దాహం వేయకముందే నీరు తాగండి. ఎండలో పనిచేసేవారికి తల తిరిగినా, మాట తడబడినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పని పోతుందేమోనని జబ్బు దాచిపెడితే జబ్బు ముదురుతుంది, చివరకు పనీ పోతుంది.

సెలవు మీద వచ్చినప్పుడు: పెళ్లిళ్లు, ఇంటి పనులు, చుట్టాల రాకపోకలతోనే సెలవు అయిపోతుంది. ఒక ఉదయం పరగడుపున పరీక్షకు రండి. షుగరు 126 లేక అంతకు మించి ఉంటే మరొకసారి పరీక్షించి నిర్ధారించుకోవాలి. 100 నుండి 125 మధ్య ఉంటే అది హెచ్చరిక. బిపి 140/90 దాటితే వైద్యుని సలహా తప్పనిసరి.

ఇంటివారికి ఒక మాట

తిరుగు ప్రయాణానికి పెట్టెనిండా ఆవకాయ, కాజాలు సర్దడం మన ప్రేమ. కానీ బిపి, షుగరు ఉన్నవారికి ఆ ఉప్పు, ఆ తీపి హాని చేస్తాయి. వాటిని తగ్గించి, కందిపొడి, రాగిపిండి వంటివి సర్దండి. ఫోను చేసినప్పుడు డబ్బు అందిందని చెప్పడంతో సరిపెట్టవద్దు. "మందు వేసుకున్నావా? నిద్ర పడుతున్నదా? ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?" అని అడగండి. ఇల్లు నిలబెట్టడానికి వెళ్లిన మనిషి ఆరోగ్యంగా తిరిగి రావాలంటే ఇంటివారి పలకరింపు కూడా ఒక మందే.