పెట్రోలు కాక ఇంకెంత?

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మూడేళ్ల క్రితం సెకండ్‌హ్యాండ్ పెట్రోలు కారు కొన్నాం. ఏడాదికి పదివేల కిలోమీటర్ల దాకా తిరుగుతాం. నెలనెలా పెట్రోలుకు రూ.5,600 పక్కన పెడుతున్నాను. అయినా ఈ మార్చిలో ఇన్సూరెన్సు 11,200, సర్వీసింగు 7,800, నాలుగు టైర్లకు 22,000 వరసగా వచ్చిపడ్డాయి. ఫిబ్రవరి జీతం ఇన్‌కంటాక్సుకే పోయింది. క్రెడిట్ కార్డు గీకి, ఇప్పటికీ వాయిదాలు కడుతున్నాను. కారు అమ్మేయమంటారా?
- ఒక ఉపాధ్యాయుడు, సూర్యాపేట

జవాబు: అమ్మాల్సిన పరిస్థితి నాకు కనబడటం లేదు మాస్టారూ. మార్చిలో వచ్చిన ఆ రూ.41,000లో ఏదీ చెప్పకుండా వచ్చిన ఖర్చు కాదు. ఇన్సూరెన్సు తేదీ పాలసీ మీదే ఉంది. టైర్లయితే, 40,000 కిలోమీటర్లు వస్తాయనుకుంటే, మీరు తిరిగిన ప్రతి కిలోమీటరుకూ 55 పైసల చొప్పున అరుగుతూనే వచ్చాయి. ఆ పైసలు మీ నెల లెక్కలోకి రాలేదు, అంతే.

మీ అంకెలతోనే ఏడాది లెక్క వేద్దాం. ఇన్సూరెన్సు 11,200, సర్వీసింగు 7,800. టైర్లు నాలుగేళ్లకోసారి మారతాయి కాబట్టి ఏడాది వాటా 5,500. బ్యాటరీకీ అలాగే 1,400. అలైన్‌మెంటు, పంక్చర్లు, వైపర్లు, ఏడాదికోసారి పొల్యూషన్ సర్టిఫికెట్... వీటన్నిటికీ కలిపి 3,100 అనుకోండి. ఇక మీది పాత బండి. క్లచ్, బ్రేకులు, ఏసీ, సస్పెన్షన్‌లలో ఏది ఎప్పుడు పనిచెబుతుందో తెలియదు. రిపేర్ల కోసం ఏటా 10,000 విడిగా ఉండాల్సిందే. ఖర్చు కాకపోతే మిగిలిందనుకుని వాడేయకండి, మరుసటి ఏడాదికి అలాగే ఉంచండి. క్లచ్ పోయిన ఏడాది ఆ 10,000 చాలదు. లైఫ్ టాక్స్ మొదటి యజమాని రిజిస్ట్రేషన్ నాడే కట్టి ఉంటాడు కాబట్టి ఏటా రోడ్డు టాక్స్ ఉండదు.

మిగిలింది టోలు. సూర్యాపేట నుంచి హైదరాబాద్ వెళ్లిరావాలంటే కొర్లపహాడ్, పంతంగి ప్లాజాలు రెండేసి సార్లు దాటాలి. నెలకు రెండుసార్లు వెళ్లొస్తే ఏడాదికి 96 దాటడాలు. 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అంతవరకు పనిచేస్తుంది. మొదలైనప్పటి ధర రూ.3,000. అంటే మీకు ఒక్కో ప్లాజాకు 31 రూపాయల చిల్లర పడుతుంది. ఇప్పుడు ఎంత తెగుతోందో ఫాస్టాగ్ స్టేట్‌మెంటులో చూసుకోండి, పాస్ తీసుకోవాలా వద్దా అన్నది వెంటనే తేలిపోతుంది. ఇది జాతీయ రహదారుల ప్లాజాలకే. హైదరాబాద్ ఔటర్ ఎక్కితే టోలు మామూలుగానే తెగుతుంది.

అన్నీ కలిపితే రూ.42,000. నెలకు 3,500. మీరు పెట్రోలు గురించే ఆలోచిస్తున్నారు గాని, అది కిలోమీటరుకు ఏడు రూపాయల లోపే. నిజంగా పడుతున్నది పదకొండు. బండి విలువ ఏటా తరిగిపోవడం ఇందులో కలపలేదు.

ఆ 3,500 జీతం పడ్డ మర్నాడే వేరే ఖాతాలోకి వెళ్లిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. ఇంటిఖర్చుల ఖాతాలో ఉంచితే మిగలదు. ముందు కార్డు బాకీ తీర్చండి. దాని వడ్డీ ముందు ఏ పొదుపూ నిలవదు. డీఏ బకాయిలు ఎప్పుడైనా పడితే కొంత ఇందులో వేయండి, తొలి ఏడాది ఇన్సూరెన్సు నాటికి డబ్బు సరిపోతుంది. సర్వీసింగును మాత్రం మార్చి నుంచి తప్పించండి. గడువు దాటనివ్వకుండా కాస్త ముందుకు జరిపి దసరా సెలవుల్లో చేయించుకుంటే భారం రెండు చోట్లకు పంచుకున్నట్టవుతుంది.

ప్రశ్న: మా కారుకు తొమ్మిదేళ్లు. పాత బండికి థర్డ్ పార్టీ చాలు, ఏడు వేల దాకా మిగులుతుందని మావారు అంటున్నారు. నాకేమో భయం.
- ఒక గృహిణి, విజయవాడ

జవాబు: మీ భయానికి కారణం ఉందమ్మా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మీ నగరంలో ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయో మీరు చూసే ఉంటారు. థర్డ్ పార్టీ పాలసీ మన బండి వల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికే. వరదకు, దొంగతనానికి, మన బండి సొట్టకు అందులో పైసా రాదు.

మీవారిని ఒక్క ప్రశ్న అడగండి: రేపు ఈ కారు పూర్తిగా పోతే, చేతిలో ఉన్న డబ్బుతో మరొకటి కొనగలమా? కొనగలిగితే ఆయన మాటా సబబే. లేకపోతే ఆ ఏడు వేలు మిగిలినట్టు కాదు. ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకుంటారు. ప్రీమియం తగ్గుతుందని దాన్ని మరీ తక్కువకు ఒప్పుకోకండి. నీళ్లలో ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయబోతే లోపలికి నీరు వెళ్లి దెబ్బతింటుంది. ఆ నష్టానికి మామూలు పాలసీ సాధారణంగా వర్తించదు, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. అంత పాత బండికి ఇస్తారో లేదో కనుక్కోండి. ఏదేమైనా నీటిలో ఆగిపోతే తాళం తిప్పొద్దు, తోయించి మెకానిక్ దగ్గరకు చేర్చండి.

ఇంకో సంగతి. క్లెయిమ్ లేకుండా గడిస్తే సొంత నష్టం ప్రీమియంలో రాయితీ మొదటి ఏడాది 20 శాతంతో మొదలై, ఐదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. చిన్న గీతకు క్లెయిమ్ చేస్తే అదంతా పోతుంది. పాలసీ ముగిశాక 90 రోజుల్లో రెన్యూవల్ చేయించకపోయినా పోతుంది. ఆ రాయితీ మీది, కారుది కాదు. బండి మార్చినా కొత్తదానికి తీసుకెళ్లొచ్చు.

ప్రశ్న: పిల్లలు బెంగళూరులో ఉన్నారు. మా కారు ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. ఉంచుకోవడం దండగేనా?
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఖమ్మం

జవాబు: లెక్క ప్రకారం ఖరీదే. కదలకపోయినా ఇన్సూరెన్సు కట్టాలి, ఆయిలు మార్చాలి, టైరు రబ్బరు వయసుతో గట్టిపడుతుంది. ఇలాంటి ఖర్చు ఏటా 25,000 అవుతుందనుకుంటే, మూడు వేల కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు ఎనిమిది రూపాయలు దాటుతుంది. పైన పెట్రోలు. అయితే అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే మీ వీధిలోకి టాక్సీ వస్తుందా? రాకపోతే ఉంచుకోండి, ఆ ధైర్యానికి ఆ డబ్బు ఎక్కువ కాదు. తిరిగిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం తీసుకునే పద్ధతికి బీమా నియంత్రణ సంస్థ 2022లో అనుమతి ఇచ్చింది. మీలాంటివారికి పనికొస్తుంది, రెన్యూవల్ అప్పుడు అడగండి. వారానికోసారి ఇరవై నిమిషాలైనా రోడ్డు మీద తిప్పండి, బ్యాటరీ నిలుస్తుంది.