పాత కంప్యూటర్‌లో అమ్మమ్మ పాట: ఇంట్లోనే రికార్డింగు, తొలి పాఠం



నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో ఒక పెద్ద లెక్క మొదలవుతుంది. ఏది వెంట తీసుకెళ్లాలి, ఏది అమ్మేయాలి, ఏది ఊళ్లో తాతగారింట్లో దించాలి అని. మంచాలు, బీరువా, సైకిలు అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. పాటలు మాత్రం రావు. అమ్మమ్మ పాడే లాలిపాట, నాయనమ్మకు వచ్చిన గొబ్బిపాట, మేనత్తలు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే పాట ఏ అట్టపెట్టెలోనూ పట్టవు. వాటిలో చాలావాటికి పుస్తకం లేదు. పాడేవారి గొంతులోనే ఉన్నాయి. ఆ గొంతు మూగబోతే పాట కూడా పోతుంది.

వాటిని దాచుకోవడానికి స్టూడియో అక్కరలేదు. మీ ఇంట్లో ఓ మూల పడివున్న పాత కంప్యూటర్ చాలు. ఆటలకు అది పనికిరాకపోవచ్చు గానీ, ఒక గొంతును పట్టుకోవడం దానికి పెద్ద భారం కాదు. ఎలాగో చూద్దాం.

1. ఏ సాఫ్ట్‌వేర్?

మనకు కావలసింది ఆడాసిటీ. ఆ ఇంగ్లీషు మాటకు తెగువ అని అర్థం. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ దీన్ని మొదలుపెట్టారు. 2000లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. డబ్బు కట్టనక్కరలేదు. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. కొత్త వెర్షన్ మీ పాత విండోస్‌లో ఎక్కకపోతే, అదే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌ను ఎక్కించుకోవచ్చు. ఆడాసిటీ వారి సొంత చోటు నుంచే దించుకోండి. ఎక్కడబడితే అక్కడ దించుకుంటే వైరస్ కూడా వెంట వస్తుంది. ఈ ఒక్క పనికీ పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

2. గొంతు అంకెలుగా ఎలా మారుతుంది?

మైక్‌లోకి వెళ్లిన ధ్వనిని కంప్యూటర్ సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటుంది. ఇన్నిసార్లు ఎందుకు? మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుంది. ఏ కంపనాన్నయినా సరిగా పట్టాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. అందుకే ఆ సంఖ్య.

ఇప్పుడు లెక్క చేద్దాం. ఒక్కో కొలతకు 16 బిట్లు, అంటే 2 బైట్లు. సెకనుకు 88,200 బైట్లు. నిమిషానికి సుమారు 5.3 మెగాబైట్లు. నాలుగు నిమిషాల పాటకు 21 మెగాబైట్లు. 16 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో దాదాపు 50 గంటల పాట పడుతుంది. మీ అమ్మమ్మకు వచ్చిన పాటలన్నీ పాడించినా ఇంకా చోటు మిగులుతుంది!

ఇది ఒకే మైక్‌తో చేసే మోనో రికార్డింగు లెక్క. స్టీరియో అయితే రెట్టింపు చోటు కావాలి. ఒక గొంతుకు మోనో చాలు, పాత కంప్యూటర్‌కు పని కూడా తగ్గుతుంది. కాబట్టి ఆడాసిటీ తెరవగానే మోనో, 44,100 అని ఉన్నాయో లేదో చూసుకోండి.

3. మైక్ సంగతి

పాత కంప్యూటర్ వెనక గులాబీ రంగు రంధ్రం మైక్‌ది, ఆకుపచ్చది ఇయర్‌ఫోన్‌ది. ఫోన్‌తో వచ్చే ఇయర్‌ఫోన్ పిన్నుకు సాధారణంగా మూడు నల్ల గీతలుంటాయి. దానిలో మైక్, చెవులు రెండూ కలిసే ఉంటాయి కనుక గులాబీ రంధ్రంలో నేరుగా పెడితే మైక్ పనిచేయదు. ఆ రెండింటినీ విడదీసే చిన్న తీగ దుకాణాల్లో దొరుకుతుంది. యూఎస్‌బీ మైక్ ఉంటే ఈ చిక్కే లేదు.

మైక్‌ను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. ఎందుకో మీ వర్ణమాలే చెబుతుంది. ప, ఫ, బ, భ పలకండి. ఇవి ఓష్ఠ్యాలు, పెదవులు కలిసి విడివడితే పుట్టే అక్షరాలు. అరచేతిని నోటి ముందు పెట్టుకుని "ఫలం", "భయం" అనండి. గాలి తగిలిందా? ఆ గాలే నేరుగా మైక్‌ను కొడితే "ఢబ్" అని పడుతుంది. మైక్ పక్కగా ఉంటే గాలి ముందుకు పోతుంది, ధ్వని మాత్రం మైక్‌కు చేరుతుంది.

4. గదిని, యంత్రాన్ని సిద్ధం చేయడం

సీలింగ్ ఫ్యాన్ ఆపండి. కిటికీ మూయండి. పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న గది మంచిది. మెత్తటి వస్తువులు ధ్వనిని పీల్చుకుంటాయి, ప్రతిధ్వని తగ్గుతుంది. సామాను సర్దేసిన ఖాళీ క్వార్టర్‌లో మన మాట మనకే ఎలా తిరిగి వినిపిస్తుందో మీకు బాగా తెలుసు కదా! అందుకే ప్యాకింగ్ మొదలుకాక ముందే రికార్డు చేయండి.

పాత కంప్యూటర్ పంకా కూడా గట్టిగానే రొద పెడుతుంది. తీగ ఎంత పొడవుంటే అంత దూరంగా కూర్చోండి. మిగతా ప్రోగ్రాములన్నీ మూసేయండి, ఇంటర్నెట్ ఆపండి.

5. రికార్డు చేయడం

ఆర్ మీట నొక్కితే రికార్డింగు మొదలవుతుంది, స్పేస్ నొక్కితే ఆగుతుంది. ఈ వరుస పాటించండి.

మొదట ఐదు సెకన్లు ఎవరూ మాట్లాడకండి. ఆ నిశ్శబ్దం తర్వాత అక్కరకొస్తుంది.

తర్వాత పాడేవారి పేరు, ఊరు, తేదీ చెప్పించండి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు గ్రామఫోన్‌కు ఎక్కాయి. మన దేశపు తొలి రికార్డుల్లో అవి ముఖ్యమైనవి. ఆమె పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో. ఎవరి పాటో అక్కడివారికి తెలియాలి కదా. పేరు లేని ఫైలు కూడా అంతే. పదేళ్ల తర్వాత అది ఎవరి గొంతో మీ తమ్ముడికి తెలియదు.

పాడుతున్నప్పుడు తెరమీది కొలబద్దను గమనించండి. పాట గట్టిగా సాగేచోట మైనస్ 12కూ మైనస్ 6కూ మధ్య ఉంటే మేలు. సున్నాను తాకితే అలల తలలు తెగిపోయి ధ్వని చిట్లుతుంది, మళ్లీ బాగుచేయలేం. తగ్గితే పెంచుకోవచ్చు, చిట్లితే అతకలేం.

మధ్యలో దగ్గు వచ్చినా, చరణం మరిచిపోయినా ఆపకండి. "ఆ, గుర్తొచ్చింది!" అని ఆమె నవ్విన నవ్వు కూడా దాచుకోదగ్గదే.

6. రొద తీయడం

మౌస్‌తో ఆ ఐదు సెకన్ల నిశ్శబ్దాన్ని ఎంచుకోండి. ఎఫెక్ట్ మెనూలో నాయిస్ రిడక్షన్ తెరిచి, గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి. "ఈ గదిలో రొద ఇలా ఉంటుంది" అని యంత్రానికి చూపించామన్నమాట. తర్వాత పాట మొత్తాన్ని ఎంచుకుని అదే ఎఫెక్ట్‌ను మళ్లీ తెరిచి ఓకే నొక్కండి. 6 నుంచి 12 డెసిబెల్స్ చాలు. అత్యాశకు పోతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. నచ్చకపోతే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కండి, వెనక్కి వస్తుంది.

7. శ్రుతి, తాళం

సంగీతం నేర్చుకుంటున్నవారికి మరో సదుపాయం ఉంది. జనరేట్ మెనూలో టోన్ తెరిచి 220 హెర్ట్జ్ అని ఇవ్వండి, తీవ్రత 0.1 ఉంచండి. అది ఆరు శ్రుతి షడ్జమం. కింద ఖాళీ చోట ఒకసారి నొక్కి, వేరే ట్రాక్‌లో 330 ఇవ్వండి. అది పంచమం. ఇంకో ట్రాక్‌లో 440, అంటే పై షడ్జమం. షడ్జమానికి ఒకటిన్నర రెట్లు పంచమం, రెండు రెట్లు పై షడ్జమం! తంబురా తీగల వెనక ఉన్న గణితం ఇదే. మీ శ్రుతి వేరైతే మొదటి అంకె మార్చి మిగతా రెండూ మీరే లెక్కకట్టండి.

అదే మెనూలోని రిథమ్ ట్రాక్ తాళం వేస్తుంది. ఆదితాళానికి 8, మిశ్రచాపుకు 7, ఖండచాపుకు 5 ఇవ్వండి. వీటిని ఇయర్‌ఫోన్‌లోనే వినండి, లేకపోతే మైక్ వాటిని కూడా మింగుతుంది. కొత్త వెర్షన్లలో షిఫ్ట్ పట్టుకుని ఆర్ నొక్కితే మీ గొంతు వేరే ట్రాక్‌లో పడుతుంది.

ఇక్కడే పాత కంప్యూటర్ కాస్త వెనకబడుతుంది. అది ధ్వనిని చుక్కచుక్కగా మోయదు, బిందె నిండాక మోస్తుంది. బిందె చిన్నదైతే తిరుగుళ్లు ఎక్కువై అలసిపోతుంది, పాట ముక్కలవుతుంది. పెద్దదైతే ఆలస్యమవుతుంది. ఆ బిందె పేరే బఫర్. పాట తెగుతుంటే 100 మిల్లీసెకన్లను 200 చేయండి. మీ గొంతు తాళం కంటే వెనక పడితే ట్రాక్‌ను ఎడమకు జరపండి. పాటకు ముందు తాళంతో పాటు నాలుగు చప్పట్లు కొట్టి ఉంచితే, ఎంత జరపాలో కంటికే కనిపిస్తుంది.

8. దాచుకోవడం

సేవ్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు. సేవ్ చేసిన ప్రాజెక్టు ఆడాసిటీలోనే తెరుచుకుంటుంది. పాత వెర్షన్లలో ఒక చిన్న ఫైలు, దాని పక్కనే డేటా అనే ఫోల్డరు ఉంటాయి. గొంతు ఉండేది ఆ ఫోల్డరులోనే. చిన్న ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని కంప్యూటర్ అమ్మేస్తే, కొత్త ఊళ్లో తెరిచి చూసేసరికి ఏమీ మిగలదు. కాబట్టి పాట పూర్తికాగానే వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల ఉంచండి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఊళ్లో. బంధువులకు పంపడానికి ఎంపీ3 తీసుకోండి. 128 కిలోబిట్లలో నిమిషానికి ఒక మెగాబైట్ లోపే ఉంటుంది.

ఎవరికి పంపినా ముందు పాడినవారి అనుమతి అడగండి. గొంతు వారిది.

9. రాతకు అందనిది

"రాసుకుంటే సరిపోదా టీచర్?" అని అస్సాంలో నా ఎనిమిదో తరగతి విద్యార్థిని ఒకమ్మాయి అడిగింది. వాళ్ల అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లా. "చేప", "చాప" అని అమ్మమ్మ చేత పలికించి రికార్డు చేసి తెమ్మన్నాను. తరగతిలో అందరం విన్నాం. "చేప"లో చ తాలవ్యం, నాలుక అంగిలిని తాకుతుంది. "చాప"లో చ దంత్యం, నాలుక పళ్ల దగ్గరికి వస్తుంది. "చెట్టు", "చలి"లోనూ అదే తేడా. మనం రాసే అక్షరం ఒక్కటే, పలికేవి రెండు. ఆ అమ్మాయి రెంటినీ ఒకేలా పలుకుతోంది. పుస్తకంలో చదివి నేర్చుకుంది కాబట్టి ఆమెకు ఆ తేడా తెలిసే వీలే లేదు. అమ్మమ్మ గొంతులో ఉంది.

ఊరూరా తిరిగే మనకు తెలుగు ఎక్కువగా ఇంట్లోనే వినిపిస్తుంది. ఆ ఇంటి తెలుగులో మన జిల్లా యాస, మన పలుకుబడి, మన రాగం ఉన్నాయి. మీ సొంత గొంతు సంగతీ మరవకండి. పన్నెండు, పదమూడేళ్ల తర్వాత అది మారిపోతుంది, మగపిల్లలకు మరీ ఎక్కువగా. ఇప్పటి గొంతు మళ్లీ రాదు.

అభ్యాసం

1. మీ ఇంట్లో పెద్దవారి చేత ఒక పాట పాడించి, పేరు, ఊరు, తేదీతో రికార్డు చేయండి.

2. షడ్జమం 240 హెర్ట్జ్ అయితే పంచమం, పై షడ్జమం ఎంత?

3. ఆరు నిమిషాల మోనో వేవ్ ఫైలుకు ఎన్ని మెగాబైట్లు కావాలి? స్టీరియో అయితే?

4. చలి, చెట్టు, జల్లెడ, జాబిలి, జీతం: ఈ మాటలు మీ అమ్మమ్మ లేదా నాయనమ్మ చేత పలికించి, దంత్యాలేవో తాలవ్యాలేవో విని విడదీయండి.

5. పాటలో మీకు అర్థం కాని మాటలు మూడు ఏరి, వాటి అర్థం పాడినవారినే అడిగి రాసుకోండి. ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, మీ ఇంట్లోనే ఉంది.