సభలో తొలి మాట

సభలో నిలిచి నాలుగు మాటలు చెప్పగలుగుట పుట్టుకతో వచ్చు వరమని మనలో పలువురి నమ్మకము. అది అభ్యాసముచేత అబ్బు విద్య అని మనవి చేయుటకే ఈ వ్యాసము.

మా వద్ద చదివిన ఒక విద్యార్థి ఉద్యోగపు మౌఖిక పరీక్షకు వెళ్ళి వచ్చి, "ప్రతి ప్రశ్నకూ జవాబు తెలుసు సార్, నోరు పెగలలేదు" అని చెప్పెను. ఇంట ఉర్దూ, బజారులో తెలుగు, పుస్తకములో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చిన ఆ పిల్లవాడు ఆనాడు మూడింటిలోను మూగవాడయ్యెను. తప్పు అతనిది కాదు. ఇన్నేండ్లు చదువు చెప్పిన మేము, లేచి నిలిచి మాటలాడుమని అతనిని ఒక్కనాడైనను అడిగియుండలేదు. ప్రారంభకుల కొరకు వక్తృత్వపు తరగతి పెట్టవలెనను తలంపు మాకు అప్పుడే కలిగినది.

మా మొదటి పాఠము తరగతి గదిలో కాక, విహారయాత్రలో ఎత్తిపోతల కడ జరిగినది. మాచర్లకు, నాగార్జునసాగరునకు నడుమ చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకి, కృష్ణలో కలియుటకు సాగిపోవు చోటు అది. యతులు తపస్సు చేసిన స్థలము కనుక ఆ పేరు వచ్చినదని కొందరు చెప్పుదురు. మౌనమునకు నెలవైన ఆ చోటనే మేము మాటకు శ్రీకారము చుట్టితిమి. పదిమంది విద్యార్థులు ఒక్కొక్కరుగా నిలిచి తమ పేరు, ఊరు, వచ్చిన త్రోవ చెప్పవలెను. తక్కినవారు ఇరువది అడుగుల దూరమున నిలిచి వినవలెను. మొదటివాడు అరచెను. గొంతు బొంగురుపోయినదే కాని మాట అందలేదు. తరువాత ఒక విద్యార్థిని అరవక, మాటకు మాటకు నడుమ ఎడమిచ్చి, ప్రతి వాక్యమును తుదివరకు పలికినది. ఆమె ఊరి పేరు అందరికిని వినబడినది. గ్రీకు వక్త డెమాస్తనీసు సముద్రపు హోరునకు ఎదురు నిలిచి సాధన చేసెనని ప్రాచీన గ్రంథములు చెప్పుటలోని మర్మము మాకు అక్కడ తెలిసినది.

ఆ మర్మము మన భాషలకు మరింత ముఖ్యము. తెలుగున క్రియ వాక్యాంతమున వచ్చును. "మా ఊరికి నీరు వచ్చినది", "మా ఊరికి నీరు రాలేదు" అను వాక్యములకు భేదమంతయు చివరి మాటలోనే కలదు. ఉర్దూలోను క్రియ స్థానము చివరనే. భయపడిన వక్త మొదట మ్రింగునది ఆ చివరి మాటనే. దానితో అర్థమే మునిగిపోవును.

పల్నాటికి వాక్కు కొత్త కాదు. కారెంపూడి వీరుల ఉత్సవములలో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథను నేటికిని గానము చేయుదురు. మన ఇండ్లలో ముషాయిరాల ముచ్చట తెలియనివారు అరుదు. ఇక సభలో పలికిన మాట ఎంతటి పని చేయగలదో కందుకూరి వీరేశలింగం చూపెను. 1879లో రాజమహేంద్రవరమున వితంతు వివాహమును గూర్చి ఉపన్యసించిన ఆయన, 1881 డిసెంబరు 11న అట్టి మొదటి వివాహమును జరిపించెను.

అయినను ఆరంభమున పెద్ద విషయములు వలదు. మా అనుభవమున తేలిన క్రమము ఇది. మొదటి వారము, ఒక నిమిషము మాటలాడక సభను చూచుచు నిలుచుట. రెండవ వారము, ఒక పేరాను బిగ్గరగా చదువుట. మూడవ వారము, తాను కన్నులార చూచినదానిని రెండు నిమిషములు చెప్పుట. నాలుగవ వారము, చీటీపై నాలుగు మాటలు మాత్రము వ్రాసికొని మూడు నిమిషములు ప్రసంగించుట. అయిదవ వారము, ఒక కోరికను అధికారికి విన్నవించినట్లు చెప్పుట. ఆరవ వారము, ఎదుటివాని వాదమునకు మర్యాదగా బదులిచ్చుట.

మేము చేసిన ఒక పొరపాటును కూడ దాచరాదు. మూడవ వారమున ఒక విద్యార్థి ఉచ్చారణను నడుమ ఆపి దిద్దితిమి. సభ నవ్వినది. అతడు మరల రాలేదు. నాటినుండి రెండు నియమములు పెట్టుకొంటిమి: వక్త ముగించువరకు ఎవరును అడ్డుపడరాదు, ముగిసిన పిదప మొదట ఒక గుణము, తరువాత ఒక్కటే లోపము చెప్పవలెను. ఉర్దూలో ధైర్యము వచ్చువానిని ఉర్దూలోనే మొదలుపెట్టనిచ్చి, తరువాత తెలుగునకు తేవలెను.

ఇందుకు గొప్ప పండితుడు అక్కరలేదు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ నెలకొల్పిన టోస్ట్‌మాస్టర్స్ సంఘమున సభ్యులే ప్రసంగింతురు, సభ్యులే కాలము చూతురు, సభ్యులే గుణదోషములు తెలుపుదురు. కళాశాల కార్యవర్గమువారికి మా మనవి స్వల్పము: వారమునకు ఒక గంట, ఒక గది, ఒక గడియారము.

విద్యార్థులారా, తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండువారే మొదట రండు. ఆనాడు మా తరగతిని విడిచిపోయిన మిత్రుడు ఈ పుటను చదువునేని, అతని కుర్చీ ఇంకను ఖాళీగానే ఉన్నదని తెలిసికొనవలెను. ఈసారి అతని మాట పూర్తియగువరకు మేము విందుము.