గీజర్‌కు కాలం చెల్లిందా?

పిల్లలూ! మా చిన్నతనంలో స్నానానికి నీళ్ళు రాగి కాగులో కాగేవి. కాగుకు చిల్లి పడితే వీధిలోకి వచ్చిన మాట్లవాడిని పిలిచి మాటు వేయించేవాళ్ళం. ఇవాళ చాలా ఇళ్ళలో కాగు స్థానంలో గీజర్ ఉంది. అది మొరాయిస్తే "బాగు చేయించాలా, కొత్తది కొనాలా?" అని పెద్దలు తర్జనభర్జన పడుతుంటారు. మీరు తరగతిలో నేర్చుకున్న భౌతిక, రసాయన శాస్త్రాలు ఈ ప్రశ్న తేల్చడానికి ఎలా పనికొస్తాయో చూద్దాం.

మా ఇంటి సంగతే చెబుతాను. మాది 15 లీటర్ల గీజర్. దానికి తొమ్మిదేళ్ళు నిండిన ఏడాది, చలికాలంలో నీళ్ళు కాగడానికి అరగంట పట్టసాగింది. మెకానిక్ వచ్చి, మూత కూడా తీయకుండానే "పాతదైపోయింది మాస్టారూ, కొత్తది కొనేయండి" అన్నాడు. నేను వెంటనే సరే అనలేదు. కాగితం, కలం తీసుకున్నాను.

గడియారంతో పరీక్ష

15 లీటర్ల నీరంటే 15,000 గ్రాములు. 1 గ్రాము నీటి ఉష్ణోగ్రతను 1 డిగ్రీ సెల్సియస్ పెంచడానికి 1 కెలోరీ వేడి కావాలి. నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే పెరుగుదల 35 డిగ్రీలు.

కావలసిన వేడి = 15,000 × 35 = 5,25,000 కెలోరీలు.

1 కెలోరీ సుమారు 4.2 జౌళ్ళు కాబట్టి, ఇది 22,05,000 జౌళ్ళు. మా గీజర్ మీద 2000 వాట్లు అని రాసి ఉంది. అంటే సెకనుకు 2000 జౌళ్ళు. భాగిస్తే సుమారు 1100 సెకన్లు, అంటే 18 నిమిషాలు. మరి అరగంట ఎందుకు పడుతోంది?

వోల్టేజి కొలిపించాను. ఉదయం ఆరున్నరకు, వీధిలోని గీజర్లూ మోటార్లూ అన్నీ నడిచే వేళ, 230 వోల్టులు ఉండవలసిన చోట 180 మాత్రమే ఉంది. నిరోధం మారనప్పుడు సామర్థ్యం వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీకు తెలుసు. 180ని 230తో భాగించి వర్గం చేస్తే సుమారు 0.61 వస్తుంది. అంటే 2000 వాట్ల గీజర్ ఆ వేళ దాదాపు 1225 వాట్లతోనే పనిచేస్తోంది. 22,05,000ను 1225తో భాగించండి. సరిగ్గా 1800 సెకన్లు! అదే అరగంట. రాత్రి పదింటికి వోల్టేజి 230 ఉన్నప్పుడు చూస్తే నీళ్ళు ఇరవై నిమిషాల లోపే కాగాయి. తప్పు గీజర్‌ది కాదు. కొత్తది కొన్నా ఉదయం అరగంటే పట్టేది.

లోపల ఏమున్నాయి?

అయినా తొమ్మిదేళ్ళ గీజర్ కదా, లోపల ఎలా ఉందో చూడాలనిపించింది. వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపి, నీరంతా వదిలి, విప్పించాను. ఈ పని పిల్లలు చేయకూడదు.

గీజర్‌లో ముఖ్య భాగాలు ఐదు. నీరు నిలిచే ట్యాంకు, నీటిని వేడిచేసే ఎలిమెంట్, కావలసినంత వేడెక్కగానే కరెంటును ఆపే థర్మోస్టాట్, అది ఆపలేకపోతే కాపాడే కటౌట్, ట్యాంకుకు తుప్పు పట్టకుండా చూసే మెగ్నీషియం కడ్డీ. వీటిలో ట్యాంకు తప్ప మిగిలినవన్నీ మార్చుకోగలిగేవే. బాగు చేయించాలా, కొత్తది కొనాలా అనే ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది.

ఎలిమెంట్ చుట్టూ తెల్లటి పొర పట్టి ఉంది. మాది బోరు నీరు. అందులో కరిగి ఉండే కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా, నీరుగా, కార్బన్ డై ఆక్సైడ్‌గా మారుతుంది. కరగని కార్బొనేట్ ఎలిమెంట్‌ను అంటుకుంటుంది. ఈ పొర వల్ల కరెంటు ఖర్చు బాగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఎలిమెంట్ నీటిలోనే మునిగి ఉంది కాబట్టి, దానిలో పుట్టిన వేడి కాస్త ఆలస్యంగానైనా నీటికే చేరుతుంది. నష్టం మరోచోట ఉంది. ఈ పొర వేడిని త్వరగా పోనివ్వదు. లోపలి నిక్రోమ్ తీగ ఉండవలసినదానికంటే ఎక్కువ వేడెక్కి, ఎప్పుడో ఒకనాడు తెగిపోతుంది. పైగొట్టం చిట్లితే నీటిలోకి కరెంటు దిగే ప్రమాదం ఉంది. కుళాయి ముట్టుకుంటే జిల్లుమన్నదంటే వెంటనే మెయిన్ ఆపించాలి. బాగు చేయించి, ఎర్తింగ్ సరిచూసేదాకా ఆ గీజర్ వాడకూడదు.

మెగ్నీషియం కడ్డీ పెన్సిలంత కూడా మిగలలేదు. ఇనుము కంటే మెగ్నీషియం చురుకైన లోహం. రెండూ నీటిలో ఒకదానికొకటి తగిలి ఉంటే మెగ్నీషియమే ముందు కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఉక్కు ట్యాంకుకు లోపల గాజు పూత ఉన్నా, ఆ పూతలోని సన్నని పగుళ్ళను కాచేది ఈ కడ్డీయే. అది పూర్తిగా అరిగిపోతే తుప్పు వంతు ట్యాంకుకు వస్తుంది.

తరువాత కనిపించినది చూసి నాకు ఒళ్ళు జలదరించింది. అంతకుముందు ఎవరో బాగుచేసినప్పుడు కటౌట్ తీసేసి, రెండు కొసలనూ తీగ ముక్కతో కలిపేశారు. "డైరెక్ట్ చేయడం" అంటారు దీన్ని. ఆ తరువాత థర్మోస్టాట్ ఒక్కటే దిక్కు. అది అతుక్కుపోయి, సేఫ్టీ వాల్వు కూడా మూసుకుపోతే, మూసిన ట్యాంకులో పీడనం పెరిగి నీరు 100 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ట్యాంకు పగిలిన క్షణంలో ఆ నీటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరి అవుతుంది. నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం సుమారు 1600 రెట్లు పెరుగుతుంది. కొద్దిపాటి ఖర్చుకు వెనుకాడి చేసిన ఆ పనితో మేము ఎన్నాళ్ళు స్నానాలు చేశామో!

నీటిచుక్క ఎక్కడిది?

గీజర్ కింద చుక్కలు పడితే చాలామంది ట్యాంకు పోయిందనుకుంటారు. చుక్క ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడాలి. 25 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు చేరితే ఘనపరిమాణం సుమారు 1.4 శాతం పెరుగుతుంది. 15 లీటర్లకు అది 210 మిల్లీలీటర్లు, ఒక గ్లాసుడు. వెనక్కి పోయే దారి లేకపోతే ఆ నీరు సేఫ్టీ వాల్వు గుండా బయటికి వస్తుంది. కాగేటప్పుడు మాత్రమే అక్కడ చుక్కలు పడితే అది జబ్బు కాదు. ఆ వాల్వును ఎన్నడూ బిగించి మూయకూడదు. గొట్టం బిగింపు దగ్గరో, ఎలిమెంట్ కింది రబ్బరు వాషర్ దగ్గరో కారితే బాగు చేయవచ్చు. ట్యాంకు ఒంటి నుంచే చెమర్చితే, లేదా వేడినీటి కుళాయిలో మాత్రమే తుప్పురంగు నీరు వస్తుంటే, ట్యాంకు లోపల తినేసిందని అనుమానించాలి. చిల్లిపడిన ట్యాంకుకు కాగులాగా మాటు వేయడం కుదరదు. పీడనానికి ఆ అతుకు ఆగదు.

చివరి లెక్క

ట్యాంకు బాగుంటే అప్పుడు డబ్బు లెక్క. ఉదాహరణకు, 1,200 రూపాయల మరమ్మతుతో మూడేళ్ళు నడుస్తుందనుకోండి. ఏడాదికి 400. కొత్తది 8,000 అయి పదేళ్ళు నడిస్తే ఏడాదికి 800. అప్పుడు మరమ్మతే మేలు. అదే మరమ్మతు ఒక్క ఏడాదికే సరిపోతే కొత్తది కొనడమే లాభం. కొత్తది కొంటే దానిమీది నక్షత్రాల గుర్తు చూడండి. నిలవ ఉన్న వేడినీటి నుంచి ఎంత వేడి బయటికి పోతుందో చూసి ఆ గుర్తు ఇస్తారు. నక్షత్రాలు ఎక్కువైతే నష్టం తక్కువ.

మా గీజర్ ట్యాంకు గట్టిగా ఉంది. ఎలిమెంట్ శుభ్రం చేయించి, కొత్త కటౌట్, కొత్త కడ్డీ వేయించాం. ఖర్చు కొత్తదాని ధరలో పావు వంతు కాలేదు. మరి మూడు చలికాలాలు చక్కగా పనిచేసింది. నాలుగో ఏట ట్యాంకు అతుకు వెంట చెమ్మ కనిపించింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ వాదించలేదు. సాయంత్రానికి దాన్ని దించేశాం.

మీరే చేసి చూడండి

1. నీళ్ళు కాచే గిన్నె అడుగున ఉన్న తెల్లటి పొరను కొంచెం గీకి, దానిమీద నిమ్మరసం పిండండి. పొంగుతూ వచ్చే వాయువు ఏది?

2. మీ ఇంటి గీజర్ మీద లీటర్లు, వాట్లు చూసి, నీరు 35 డిగ్రీలు వేడెక్కడానికి ఎన్ని నిమిషాలు పట్టాలో లెక్కకట్టండి. గడియారంతో పోల్చండి. తేడా ఎక్కువగా ఉంటే పెద్దలతో చెప్పి ముందు వోల్టేజి చూపించండి.

3. వోల్టేజి 230 నుంచి 115కు పడిపోతే, నీరు కాగడానికి ఎన్ని రెట్ల సమయం పడుతుంది?